రైన్ లోయలో 3 రోజుల కోటల నడక: ఏ ఒడ్డు, ఎంత దూరం, ఏది వదిలేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నారు, మే చివర్లో 3 రోజులు సెలవు దొరికింది. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్లు రైన్ ఒడ్డునే నడుస్తూ, దారిలో తగిలే కోటలన్నీ లోపలికెళ్లి చూడాలనుకుంటున్నారు. రోజుకు 22 కిలోమీటర్లు, నది పక్కన చదునుగానే ఉంటుంది కాబట్టి సరిపోతుందా అని అడిగారు. సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్ వైపున్న కాట్స్ (పిల్లి), మౌస్ (ఎలుక) కోటల లోపలికి వెళ్లొచ్చా అనీ అడిగారు.

సరిపోదండీ. మీ కాళ్లలో బలం లేక కాదు, లెక్క మొదలుపెట్టిన చోటే తప్పింది. 65 కిలోమీటర్లూ పట్టుకోకండి. బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోఆర్ దాకా ఉన్న నడిమి ముక్క తీసుకోండి. 3 రాత్రులూ ఒకే ఊళ్లో బస చేసి, రోజూ చిన్న సంచితో నడిచి, రైల్లో వెనక్కి రండి. రోజుకు మహా అయితే ఒక్క కోట లోపలికి వెళ్లండి, మిగతావి బయటి నుంచి చూస్తే చాలు. ఎందుకో చెబుతాను.

నది ఒడ్డున నడకదారి ఉంటుందనుకోవడం దగ్గరే అందరూ పొరబడతారు. ఈ లోయ ఇరుకు. ఎడమ ఒడ్డున బే 9 రోడ్డూ రైలు పట్టాలూ, కుడి ఒడ్డున బే 42 రోడ్డూ రైలు పట్టాలూ నీటి అంచు దాకా స్థలమంతా ఆక్రమించేశాయి. ఒడ్డు వెంట నడవాలంటే చాలాచోట్ల రోడ్డు పక్కనున్న సైకిల్ దారే గతి. కార్లూ, బైకులూ, గూడ్సు బళ్ల మోత తప్పవు. కోటలు తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉండిపోతాయి. అసలైన నడకదారులు రెండూ పైన ఉన్నాయి: కుడి ఒడ్డున రైన్‌ష్టైగ్, ఎడమ ఒడ్డున రైన్‌బుర్గెన్‌వేగ్. రైన్‌ష్టైగ్ 2005లో మొదలైంది, బాన్ నుంచి వీస్‌బాడెన్ దాకా సుమారు 320 కిలోమీటర్లు. రైన్‌బుర్గెన్‌వేగ్ రోలాండ్‌సెక్ నుంచి బింగెన్ దాకా సుమారు 200 కిలోమీటర్లు.

పైన అంటే ఎంత పైన? ఇక్కడ నది సముద్రమట్టానికి 70 మీటర్ల ఎత్తున పారుతుంది. దారి 250 నుంచి 350 మీటర్ల దాకా వెళుతుంది. ఒకసారి ఎక్కేసి పైనే నడిచిపోతే బాధ లేదు. కానీ రైన్‌లో కలిసే ప్రతి చిన్న వాగూ కొండను నిలువునా కోసుకుంటూ వచ్చింది. వాగు వచ్చిన ప్రతిచోటా కిందికి దిగి, మళ్లీ అంతా ఎక్కాలి. మ్యాపులో నది వెంట 7 కిలోమీటర్లున్న బాఖరాఖ్-ఓబర్‌వేజెల్ దూరం నడకదారిలో దాదాపు రెట్టింపు అవుతుంది. మీ 65 కిలోమీటర్ల లెక్క ఇక్కడే తల్లకిందులైంది.

సమయం ఇలా లెక్కేయండి. జర్మనీలో నడకదారుల బోర్డుల మీద గంటలు రాయడానికి వాడే పద్ధతే ఇది. చదునులో గంటకు 4 కిలోమీటర్లు. ఎక్కుడు గంటకు 300 మీటర్లు, దిగుడు గంటకు 500 మీటర్లు. దూరానికి పట్టే సమయం ఒకపక్క, ఎక్కుడు దిగుళ్లకు పట్టే సమయం ఇంకోపక్క వేసుకోండి. రెండింటిలో పెద్దదాన్ని పూర్తిగా, చిన్నదాన్ని సగం తీసుకుని కలపండి.

ఉదాహరణకు కుడి ఒడ్డున కౌబ్ నుంచి సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్ దాకా రైన్‌ష్టైగ్ మీద సుమారు 22 కిలోమీటర్లు. ఎక్కుడు 800 మీటర్లు, దిగుడు 800 మీటర్లు అనుకోండి. దూరానికి 5 గంటల 30 నిమిషాలు. ఎక్కడానికి 2 గంటల 40 నిమిషాలు, దిగడానికి గంటా 36 నిమిషాలు, కలిపితే దాదాపు 4 గంటల 15 నిమిషాలు. అందులో సగం కలిపితే మొత్తం 7 గంటల 40 నిమిషాలు. ఇది ఎక్కడా ఆగకుండా నడిస్తే. తిండికి, ఫొటోలకు, దారి తప్పి వెనక్కి రావడానికి ఇంకో మూడో వంతు వేసుకోండి. 10 గంటలవుతుంది. ఇక కోట లోపలికి వెళ్లే వేళెక్కడిది? వేసవి షెడ్యూల్లో కూడా చాలా కోటలు సాయంత్రం 5 లేదా 6కే మూసేస్తారు, ఆఖరి టికెట్ అంతకంటే ముందే ఇచ్చేస్తారు. మే చివర్లో రాత్రి 9 దాటాక గానీ సూర్యుడు దిగడు. వెలుతురు ఉంది కదా అని కాళ్లీడ్చుకుంటూ గేటు దాకా వెళితే తాళం కనబడుతుంది.

అందుకే ఈ లోయలో ప్లాన్ కిలోమీటర్లతో మొదలుపెట్టకూడదు. ముందు ఆ రోజు చూడాల్సిన కోట మూసే వేళ రాసుకోండి. తర్వాత ఆఖరి ఫెర్రీ వేళ. ఆ తర్వాత రైలు. మిగిలిన గంటల్లో ఎంత నడవగలరో అంతే ఆ రోజు దూరం.

ఏ ఒడ్డు? మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఎడమ ఒడ్డే చెబుతాను. కారణం ఎండ. కుడి ఒడ్డు వాలులు చాలావరకు నైరుతి వైపు తిరిగి ఉంటాయి, ద్రాక్షతోటలకు కావాల్సింది కూడా అదే. మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా ఎండ నేరుగా వాలు మీద పడుతుంది, కాళ్ల కింద పలకరాయి పెనంలా కాగుతుంది, నీడనిచ్చే చెట్టు ఉండదు. ఎడమ ఒడ్డున అడవి ఎక్కువ. పొద్దున పూట ఎండ ఎడమ ఒడ్డు కోటల మీద, సాయంత్రం కుడి ఒడ్డు కోటల మీద పడుతుంది కాబట్టి ఫొటోల పిచ్చి ఉంటే దాన్ని బట్టి వేళలు మార్చుకోవచ్చు. ఎత్తు నుంచి నదిని చూసే దృశ్యాలకైతే రైన్‌ష్టైగ్‌దే పైచేయి, దాపరికం లేదు. 3 రోజుల్లో 2 ఎడమ, 1 కుడి పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

ఒడ్డు మార్చడం దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. మైంజ్ దాటాక కోబ్లెంజ్ వచ్చేదాకా రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. ఉన్నవల్లా ఫెర్రీలే: బింగెన్-రూడెస్‌హైమ్, నీడర్‌హైమ్‌బాఖ్-లోర్ఖ్, కౌబ్ దగ్గరొకటి, సాంక్ట్ గోఆర్-సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్, బోపార్డ్-ఫిల్జెన్. దాటడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. కానీ రాత్రి, ఆదివారం, చలికాలం వేళలు వేరు. ఒక్కో ఫెర్రీకి ఒక్కో పట్టిక. ఆఖరిది తప్పితే ఎదురుగా 300 మీటర్ల దూరంలో మీ గది దీపం కనబడుతూనే ఉంటుంది, చేరడానికి మాత్రం కోబ్లెంజ్ చుట్టూ తిరిగి రావాలి.

దీనికి తోడు ఊళ్ల పేర్ల తికమక. సాంక్ట్ గోఆర్ ఎడమ ఒడ్డున, సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్ కుడి ఒడ్డున. రెండింటికీ వేర్వేరు స్టేషన్లు, వేర్వేరు రైలు మార్గాలు. గది బుక్ చేసేటప్పుడు మ్యాపులో నది ఏ పక్కనుందో చూసి డబ్బు కట్టండి. యాప్‌లో "స్టేషన్ నుంచి 600 మీటర్లు" అని చూపించి, ఆ స్టేషన్ అవతలి ఒడ్డుదై ఉండటం ఇక్కడ మామూలే.

ఇక రోజుల వారీ ప్లాన్. బసకు బాఖరాఖ్ గానీ సాంక్ట్ గోఆర్ గానీ పెట్టుకోండి. రెండూ ఎడమ ఒడ్డు లైన్ మీదే ఉన్నాయి. మైంజ్‌లో మారి ఎర్‌బే 26 (RB 26) లోకల్ రైలు ఎక్కితే గంటలోపు బాఖరాఖ్. బాఖరాఖ్ ఊరు అందం, సాంక్ట్ గోఆర్ ఫెర్రీ పక్కనే ఉండటం సౌకర్యం. 3 రోజులకు నా ఓటు సాంక్ట్ గోఆర్‌కే.

మొదటి రోజు, బాఖరాఖ్ నుంచి ఓబర్‌వేజెల్, 12 నుంచి 15 కిలోమీటర్ల మధ్య. పొద్దున రైల్లో బాఖరాఖ్ దిగండి. ఊళ్లోంచి మెట్లెక్కుతుంటే సగం దారిలో కప్పు లేని ఎర్రరాతి గుడి తగులుతుంది, అదే వెర్నర్ కపెల్లె. కిటికీల రాతి చట్రాలు నిలబడే ఉన్నాయి, అద్దాలూ కప్పూ లేవు. ఇది దానంతటది కూలలేదు. 1689లో ఫ్రెంచి సైన్యం పైనున్న ష్టాలెక్ కోటను పేల్చేసినప్పుడు ఆ రాళ్లు దీని మీద పడ్డాయి. అక్కడ నిలబడి తల పైకెత్తితే ష్టాలెక్ కనబడుతుంది, రాయి ఎటు నుంచి ఎటు దొర్లిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. కోటను 20వ శతాబ్దంలో తిరిగి కట్టారు, ఇప్పుడు అది యూత్ హాస్టల్. అందులో పడుకోవాలంటే హాస్టల్ సంఘం సభ్యత్వం ఉండాలి, వారాంతాలకైతే నెలల ముందే బుక్ చేయాలి. ముంగిట్లోకి వెళ్లి చూడటానికి ఎక్కువ సేపు పట్టదు.

అక్కడి నుంచి దారి పైకెక్కి పొలాల మీదుగా పోతుంది. నదికి ఎదురుగా కౌబ్ ఊరు, దాని పైన గూటెన్‌ఫెల్స్ కోట, నది మధ్య రాతి దిబ్బ మీద ఫాల్ట్స్‌గ్రాఫెన్‌ష్టైన్ కోట (క్లుప్తంగా ఫాల్ట్స్) ఒకే చూపులో అందే చోటు వస్తుంది. మధ్యాహ్నం తిండి అక్కడ పెట్టుకోండి. చివర్లో షోన్‌బుర్గ్ కోట పక్కగా ఓబర్‌వేజెల్‌లోకి దిగుడు. షోన్‌బుర్గ్ ఇప్పుడు చాలావరకు హోటల్. దాని బాధ మనకొద్దు. ఊరి ప్రహరీ గోడ చూడండి. 16 బురుజులు ఇంకా నిలబడి ఉన్నాయి, గోడ మీద కొంత మేర నడవొచ్చు. ఈ లోయలో టికెట్ లేకుండా దొరికే మంచి వస్తువుల్లో ఇదొకటి.

రెండో రోజు, ఓబర్‌వేజెల్ నుంచి సాంక్ట్ గోఆర్, సుమారు 12 కిలోమీటర్లు, ఆపైన రైన్‌ఫెల్స్ కోట. ఓబర్‌వేజెల్ దాటగానే ఓల్స్‌బెర్గ్‌ష్టైగ్ అనే ముక్క వస్తుంది. నిటారు ద్రాక్షతోటలో ఇనుప మెట్లు, నిచ్చెన, పట్టుకోవడానికి తీగ తాడు. పొడిగా ఉన్నప్పుడు ఎత్తంటే భయం లేనివాళ్లకు సరదాగా ఉంటుంది. పలకరాయి తడిస్తే సబ్బు బిళ్లే. వాన పడినా, పడి 2 గంటలే అయినా, పెద్ద సంచి వీపున ఉన్నా, పక్కనుంచి పోయే మామూలు దారి పట్టండి. తర్వాత ఊర్‌బార్ దగ్గర మరియా రూ అనే చోటు. నది మలుపులో నిటారుగా లేచిన లోరెలై బండ సరిగ్గా ఎదురుగా, కుడి ఒడ్డున ఉంటుంది. లోరెలై మీద నిలబడితే లోరెలై కనబడదు కదా, అది చూడాల్సింది ఇక్కణ్నుంచే. నది ఆ మలుపులో ఎంత ఇరుకవుతుందో, ఎగువకొచ్చే బార్జీ (సరుకుల పడవ) ఎంత అవస్థ పడుతూ తిరుగుతుందో కాసేపు కూర్చుని చూడండి. ఒడ్డున పెద్ద తెల్ల బోర్డుల మీద నల్ల అంకెలు కనిపిస్తాయి. అవి కాన్‌స్టాంజ్ వంతెన నుంచి లెక్కపెట్టిన రైన్ కిలోమీటర్లు. బాఖరాఖ్ 543, కౌబ్ 546, లోరెలై 554, కోబ్లెంజ్ సంగమం 592. ఫోన్ చచ్చిపోయినా మీరెక్కడున్నారో ఆ బోర్డు చెప్పేస్తుంది.

సాంక్ట్ గోఆర్‌కు మధ్యాహ్నం 2 కల్లా దిగేలా చూసుకోండి. రైన్‌ఫెల్స్‌కు తక్కువలో తక్కువ 2 గంటలు కావాలి. లోపల చూడటానికి ఒకే ఒక్క శిథిలం ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. 1245లో కాట్సెనెల్న్‌బోగెన్ కౌంటు దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు, నది మీద సుంకం గుంజడానికి. పదేళ్లకే రైన్ నగరాలన్నీ కలిసి ముట్టడించి ఏడాది పైగా కూర్చున్నా తీసుకోలేకపోయాయి. 1692లో 28,000 మంది ఫ్రెంచి సైనికులు వచ్చినా లొంగలేదు. చివరికి 1794లో ఒక్క గుండు పేలకుండా అప్పగించారు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు పేల్చేశారు. లోపల సొరంగాలున్నాయి, కొన్ని చోట్ల నడుం వంచి, ఇంకొన్ని చోట్ల దాదాపు పాకుతూ పోవాలి. తలకు కట్టుకునే టార్చ్ తీసుకెళ్లండి. ఫోన్ లైట్ పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది, అక్కడ రెండు చేతులూ గోడకు కావాలి. భద్రత కోసం కొన్ని సొరంగాలు మూసి ఉండొచ్చు. టికెట్ తీసుకునేటప్పుడే ఏవి తెరిచారో అడగండి, మ్యాపు కాగితం ఇస్తారు.

మూడో రోజుకు రెండు దారులు. కాళ్లు బాగుంటే పొద్దున్నే ఫెర్రీలో కుడి ఒడ్డుకు దాటి, ఎర్‌బే 10లో కౌబ్ వెళ్లి, పైన లెక్కేసిన 22 కిలోమీటర్లు నడుచుకుంటూ వెనక్కి రండి. కౌబ్ నుంచి గూటెన్‌ఫెల్స్ పక్కగా ఎక్కి, డోర్‌షైడ్, రోస్‌ష్టైన్, ష్పిట్స్‌నాక్, లోరెలై మీదుగా సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్‌కు దిగుడు. రోస్‌ష్టైన్ నుంచి ఓబర్‌వేజెల్ ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. డోర్‌షైడ్ దాటాక నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకండి. ఈ రోజున కోట లోపలికి వెళ్లే ఆలోచనే వద్దు.

కాళ్లు మొరాయిస్తే, లేదా వాన పడుతుంటే, సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్ నుంచి రైల్లో బ్రౌబాఖ్ వెళ్లి మార్క్స్‌బుర్గ్ చూడండి. మధ్య రైన్ కొండకోటల్లో ఎప్పుడూ ధ్వంసం కానిది ఇదే. 1900 నుంచి జర్మన్ కోటల సంఘం చేతిలో ఉంది. గైడ్ వెంటే లోపలికి పంపుతారు, విడిగా తిరగనివ్వరు, దాదాపు 50 నిమిషాలు పడుతుంది. ఎక్కువ టూర్లు జర్మన్‌లోనే. ఇంగ్లీషు టూరు రోజులో ఒకటి రెండు వేళల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి రైలు ఎంచుకోండి. ఊళ్లోంచి కోటకు అరగంట ఎక్కుడు. గుర్రాలు ఎక్కడానికి చెక్కిన రాతి మెట్లు లోపల ఉంటాయి. అవి పెద్దవి, వంకరటింకర, అరిగి నునుపెక్కాయి. అక్కడ కూడా మంచి బూట్లే కావాలి.

కోటల గురించి ఒక్క మాట తెలిస్తే చూపు మారుతుంది. ఈ 65 కిలోమీటర్లలో సుమారు 40 కోటలు ఎందుకున్నాయంటే ప్రధానంగా సుంకం కోసం. 2002లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి ఈ కోటలూ ఒక కారణం. ఇప్పుడు కనబడేవి మూడు రకాలు. రైన్‌ఫెల్స్ లాంటివి నిజమైన శిథిలాలు. మార్క్స్‌బుర్గ్, ఫాల్ట్స్ లాంటివి ఎప్పుడూ కూలనివి. మూడో రకం రైన్‌ష్టైన్, జోనెక్, ష్టోల్ట్సెన్‌ఫెల్స్ లాంటివి. ఇవి శిథిలాలుగా పడి ఉంటే 19వ శతాబ్దంలో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) రాజకుటుంబం కొనో, కానుకగా పుచ్చుకునో, తమ ఊహలో మధ్యయుగం ఎలా ఉండాలో అలా కట్టించుకుంది. లోపల సామాను, రంగుటద్దాలు అందంగా ఉంటాయి గానీ, 13వ శతాబ్దపు కోట చూశామనుకుని రాకండి. 3 రోజుల్లో 3 రకాల్లో ఒక్కొక్కటి చూసినవాళ్లకు, ఒకే రకం ఆరు చూసినవాళ్లకంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఫాల్ట్స్‌గ్రాఫెన్‌ష్టైన్ దగ్గర కాస్త ఆగుదాం. 1327 ప్రాంతంలో లుడ్విగ్ రాజు నది నడుమ కట్టించిన సుంకం బురుజు అది. తర్వాత చుట్టూ ఆరు మూలల గోడ వచ్చింది. దగ్గరగా చూస్తే ఎగువ వైపు మూల ఓడ ముక్కులా సూదిగా ఉంటుంది. చలికాలం కొట్టుకొచ్చే మంచుగడ్డలు గోడకు తగిలి చీలిపోవడానికి అలా కట్టారు. 1813 డిసెంబరు 31 రాత్రి ప్రష్యా సేనాని బ్ల్యూషర్ నెపోలియన్‌ను తరుముతూ రైన్ దాటింది ఇక్కడే. కౌబ్ నుంచి చిన్న పడవలో తీసుకెళ్తారు. నీళ్లు ఎక్కువైతే పడవ నడపరు, సోమవారాలు సాధారణంగా మూసేస్తారు. మీ మూడో రోజు సోమవారమైతే దీన్ని మరిచిపోండి. రైన్ దగ్గర కొన్ని కోటలకు ఇదే నియమం, పండుగ సోమవారాల్లో మాత్రం తెరవొచ్చు. ఒక్కొక్కదానిదీ విడిగా చూసుకోవాలి.

మీ పిల్లి-ఎలుక కోటల ప్రశ్నకు: కాట్స్, మౌస్ రెండూ బయటి నుంచే. కాట్స్ ప్రైవేటు ఆస్తి, లోపలికి రానివ్వరు. దాని కోసం కొండెక్కి గేటు దగ్గర తిరిగొచ్చేవాళ్లు ప్రతి వారాంతమూ ఉంటారు. సాంక్ట్ గోఆర్ ఒడ్డు నుంచి సాయంత్రం ఎండలో అంతకన్నా బాగా కనబడుతుంది.

మే చివర్లో ఉన్న చిక్కు పండుగలు. క్రీస్తు ఆరోహణ గురువారం, పెంతెకొస్తు సోమవారం చాలావరకు మే నెలలోనో, జూన్ మొదట్లోనో పడతాయి. ఆ వారాంతాలకు గదులు ముందే అయిపోతాయి. ఆరోహణ గురువారమే ఇక్కడ తండ్రుల రోజు కూడా. మగవాళ్ల గుంపులు బండ్లలో బీరు పెట్టుకుని లాక్కుంటూ ఇవే దారుల్లో నడుస్తాయి. హాని ఏమీ లేదు, ప్రశాంతత మాత్రం ఆశించకండి.

టికెట్ సంగతి. నెలవారీ డాయిచ్‌లాండ్‌టికెట్ మీ దగ్గరుంటే రెండు ఒడ్ల లోకల్ రైళ్లకూ అదే చాలు. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఐసీ, ఐసీఈ అనే దూరప్రాంత రైళ్లకు చెల్లదు. కోబ్లెంజ్-మైంజ్ మధ్య అవి కూడా ఇదే పట్టాల మీద తిరుగుతాయి, తొందరలో ఎక్కేయకండి. మీతో వచ్చే స్నేహితుడు ఈ ట్రిప్పు కోసమే కొత్తగా తీసుకుంటే, అది చందా అని గుర్తుచేయండి. నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. ఫెర్రీకి విడిగా డబ్బు కట్టాలి, చిల్లర నాణేలు ఉంచుకోండి. రైలు మార్గం మరమ్మతులు ఈ లోయలో తరచూ ఉంటాయి. రైలు బదులు బస్సు వేస్తే అరగంట దూరం గంటన్నర అవుతుంది.

సామాను విషయం పెద్దగా చెప్పడానికేమీ లేదు, ఒకే చోట బస కాబట్టి. సంచి 6 కిలోలు దాటనివ్వకండి. బూటు చీలమండ పైదాకా ఉండక్కర్లేదు, అడుగున పట్టు మాత్రం ఉండాలి. అరిగిన రన్నింగ్ షూ పలకరాయి మీద పనికిరాదు. మోకాళ్లు నొప్పిచ్చేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చేతికర్రలు ఒక జత తీసుకెళ్లి, దిగుళ్లలో 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచి వాడండి. నీళ్లు గంటకు అర లీటరు లెక్క, మొదటి రెండు రోజుల్లో రోజుకు 2 లీటర్లు, మూడో రోజుకు 4. ఊళ్లలో కుళాయి నీళ్లు తాగొచ్చు. "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసున్న కుళాయి మాత్రం తాగేందుకు కాదు.

తిండి దగ్గర తప్పేది ఆదివారం. సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, బేకరీ తెరిచినా పొద్దున కొన్ని గంటలే. హోటళ్లలో వంట మధ్యాహ్నం 2 ప్రాంతంలో ఆపేసి మళ్లీ సాయంత్రమే మొదలుపెట్టేవి చాలా. శనివారం సాయంత్రమే రొట్టె, జున్ను, పళ్లు కొని పెట్టుకోండి. శాకాహారులైతే మెనూలో "ష్పెక్" అన్న మాట పట్టుకోండి, అది పంది మాంసం. ఫ్లామ్‌కూఖెన్ అనే పలచటి రొట్టె మీదా, బంగాళదుంప వేపుడులోనూ అడక్కుండానే వేస్తారు. "ఓనే ష్పెక్" అంటే అది లేకుండా చేసిస్తారు. దారిలో వైన్ రుచి చూపించే బల్లలు తగులుతాయి. తాగేదేదో దిగుడు అయిపోయాక తాగండి.

దారి గుర్తులు బాగుంటాయి. రైన్‌ష్టైగ్‌కు నీలం మీద తెల్ల ఎర్ (R) అక్షరం. అదే అక్షరం పసుపు మీద ఉంటే అది అసలు దారి కాదు, స్టేషనుకో ఊరికో దింపే కొమ్మదారి. అలసిపోయినప్పుడు మీకు కావాల్సింది ఆ పసుపే. దారి చీలిన చోట దాటి 200 మీటర్లు నడిచినా గుర్తు కనబడకపోతే వెనక్కి రండి, ముందుకెళ్లి వెతక్కండి. లోయ అడుగున సిగ్నల్ అంతంతమాత్రం, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అడవిలో ఆకుపచ్చ మీద తెల్ల క్రాసు ఉన్న బోర్డు, కింద ఒక నంబరు కనబడితే ఫొటో తీసి పెట్టుకోండి. 112కు ఫోన్ చేయాల్సి వస్తే ఆ నంబరు చెప్తే చాలు, అంబులెన్సు నేరుగా వస్తుంది.

గడ్డిలో నడిచిన రోజు సాయంత్రం గోమార్ల కోసం ఒళ్లంతా చూసుకోవాలి: మోకాలి వెనక, గజ్జలు, చంకలు, బెల్టు కింద. పట్టుకుని ఉంటే సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నూనె, జిగురు రాయొద్దు. తర్వాతి వారాల్లో చుట్టూ ఎర్రటి వలయం పాకితే డాక్టర్‌కు చూపించాలి. శిథిలాల్లో అడ్డు కట్టిన గోడలెక్కొద్దు, సున్నం ఊడిన రాయి మన బరువు మోయదు. ఎండగా ఉంది కదా అని రైన్‌లో దిగొద్దు, మోకాలి లోతులోనూ వద్దు. బార్జీ పోయేటప్పుడు ముందు ఒడ్డు నీళ్లను లోపలికి లాగుతుంది, ఆ తర్వాత అల వస్తుంది.

బయల్దేరే ముందురోజు రాత్రి కౌబ్ నీటిమట్టం ఒకసారి చూడండి, "పెగెల్ కౌబ్" అని వెతికితే వస్తుంది. 640 సెంటీమీటర్లకు చేరితే ఓడల రాకపోకలు ఆపేస్తారు. అంతకు చాలా ముందే ఫాల్ట్స్ పడవ ఆగిపోతుంది, ఒడ్డు వెంట తగ్గు దారులు మునుగుతాయి. ఆ అంకె నది లోతు కాదు, కొలబద్ద మీది గుర్తు మాత్రమే. 2018 అక్టోబరులో అది 25కు పడిపోయినప్పుడు కూడా ఓడల దారిలో 1.3 మీటర్లకు పైనే నీళ్లున్నాయి. నీళ్లు పెరుగుతున్నాయంటే ఫెర్రీతో పనిలేని రెండు ఎడమ ఒడ్డు రోజులు ముందు పెట్టుకుని, కుడి ఒడ్డు రోజును ఆఖరికి వదిలేయండి. అప్పటికీ తగ్గకపోతే ఎర్‌బే 26లో బింగెన్ వైపు వెళ్లి రైన్‌ష్టైన్ చూడొచ్చు. స్టేషన్ ట్రెక్టింగ్స్‌హౌజెన్, అక్కడి నుంచి నడకే.